మేకుకు గుచ్చిన చీటీలు: బిడ్డకు ఉత్తరం

బిడ్డా,

ఫోన్లో చెప్పబోతే సగంలోనే "నాన్నా, అది బగ్, రాత్రికి సరిచేస్తా" అంటావు, ఇంక నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే షాపు మూసినాక కౌంటర్ దగ్గరే కూచుని ఇది టైప్ చేస్తున్నా. అక్షరాలు తప్పుగా పడితే సర్దుకో.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు మన మోటార్లు, పైపుల షాపు కంప్యూటర్లో పెట్టిపోయిన గాడ్జెట్‌ను, అదే అన్ని యాప్‌ల సంగతులూ ఒక్కచోట చూపించే నీ ప్రోగ్రాంను, మూడు నెలలుగా వాడుతున్నా. పెట్టిన రోజు దేవరకొండ బజారంతా గొప్పగా చెప్పుకున్నా కదా, ఇప్పుడు వాడి చూసినాక నాలుగు మాటలు అనే హక్కు కూడా నాకుంది. ఇంకొన్ని షాపులకు కూడా ఇస్తున్నావని అమ్మ చెప్పింది. ఇచ్చే ముందు ఇది చదువు.

ముందు మంచి సంగతి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ పెట్టాం, తర్వాత షాపులో యూపీఐ కూడా పెట్టాం, మోటార్ల కంపెనీ వాళ్ళ సర్వీస్ కంప్లయింట్లు మెయిల్‌కు వస్తాయి, పైపుల లోడు ఎక్కడుందో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ యాప్‌లో చూడాలి. ఒక్క షాపుకు నాలుగు కిటికీలు, ఒకటి తెరిస్తే ఇంకోటి మరిచిపోతాం. ఇప్పుడు స్క్రీన్‌కు కుడి పక్క వేలెడు పట్టీలో పది లైన్లు, ఏది జరిగినా పైన పడుతుంది. పొద్దున షట్టర్ ఎత్తి అగరబత్తి వెలిగించి ఆ పట్టీ ఒక్కటి చూస్తే షాపు సంగతి తెలిసిపోతుంది. షాపులో పనిచేసే మన పిలగాడైతే టీవీలో కింద వార్తలు తిరిగినట్టుంది సేటు అన్నాడు.

దాని లోపల సంగతి కూడా నువ్వు చెప్పింది నాకు యాదికుంది. ఎక్కడినుంచి వచ్చినా ప్రతి సంగతినీ ఎవరు, ఏం చేశారు, దేన్ని చేశారు, ఎప్పుడు అనే మూసలో పోయాలని, దానికి యాక్టివిటీ స్ట్రీమ్స్ అని ఒక పద్ధతి ఉందని, 2017లో వెబ్‌కు పద్ధతులు ఖరారు చేసే సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ళు దాన్ని ఖాయం చేశారని. నువ్వు అదేదో కొత్త సంగతిలా చెప్తుంటే నేను ఊకొట్టా గానీ, నేను గుమాస్తాగా చేరినప్పుడు మా సేటు నాకు నేర్పిన చిట్టా అచ్చం అదే. ఫలానా ఊరి ఫలానా ఆయన, తీసుకుపోయినది, ఇచ్చినది, తేదీ. చిట్టాలో జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తాం. అయితే ఒక్క చిట్టాతో ఏ దుకాణమూ నడవదు. నా గొడవంతా అక్కడే.

ఫిబ్రవరి చివర్లో జరిగింది చెప్తా, నీకు ఇంతవరకు చెప్పలేదు. యాసంగి వరి పొట్ట మీదుంది. డిండి రోడ్డు వైపు ఒక తండా ఆయన, నిరుడు మన దగ్గరే బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటారు, ప్యానెల్ బోర్డు తీసుకుపోయాడు, ఇంకా వారంటీలో ఉంది. పొద్దున 9:10కి మోటారు నడవట్లేదని కంపెనీ నంబరుకు ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాడు. కంపెనీ నుంచి మనకు మెయిల్ వచ్చింది, నీ గాడ్జెట్ దాన్ని తీసుకుంది కూడా. కానీ ఆ మెయిల్ లోపల రాసిన టైము మనది కాదు, మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే లెక్క. నీ గాడ్జెట్ దాన్ని మన టైమే అనుకుని తెల్లవారుజామున 3:40కి వేసింది. కొత్తది పైన పడుతుంది కదా అని నేను పైన చూస్తూ కూచుంటే, అదేమో నేను చదివేసిన లైన్ల కింద దూరింది. ఆ రోజు బజారు రోజు, స్కాన్ చేసి పైసలు కొట్టేవాళ్ళు ఎక్కువ, మధ్యాహ్నానికల్లా పది లైన్లూ దాటి కిందికి పోయింది.

సరే, టైము తప్పు అన్నది చిన్న తప్పు, నువ్వు గంటలో దిద్దుతావు. అసలు నొప్పి తర్వాతది. రెండో రోజు కూడా అది నాకు కనపడలేదు, మూడో రోజూ కనపడలేదు. ఎందుకు కనపడుతుంది? ఎవరూ పోలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, ఏ కదలికా లేదు. నీ గాడ్జెట్ కదలికను చూపించేది. ఒక పని కదలకుండా పడి ఉంటే దానికి చూపించడానికి ఏమీ ఉండదు!

నాలుగో రోజు పొద్దున ఆయనే వచ్చాడు. తిట్టలేదు, అదే నాకు ఇంకా ఇబ్బందైంది. బెంచీ మీద కూచుని రుమాలు తీసి ముఖం తుడుచుకుని, "కంపెనీకి చెప్పినా సేటు, నీకు చెప్పలేదా వాళ్ళు?" అన్నాడు. ఇదివరకైతే కరెంటు లేదని రైతు నాలుగు రోజులు ఊరుకునేవాడు, 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినాక ఆ వంక కూడా లేదు, నీళ్ళు రాలేదంటే మోటారే, మోటారంటే మనమే. మెకానిక్‌ను బండెక్కించుకుని నేనే పోయా. ప్యానెల్ డబ్బా తెరిస్తే మోటారుకు ఊతమిచ్చే కండెన్సర్ ఉబ్బి, పైన కొద్దిగా జిడ్డు కారి ఉంది. అంతే. మోటారుకు ఏమీ కాలేదు. కండెన్సర్ మార్చి బటన్ నొక్కేసరికి పైపు దగ్గినట్టు రెండుసార్లు గాలి వదిలి నీళ్ళు పోసింది. పది నిమిషాల పని. పొలం మాత్రం అప్పటికే నెర్రెలు విచ్చింది, మడిలో కాలు పెడితే దుబ్బ లేచింది. ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు, చాయ్ తాగి పొమ్మన్నాడు.

ఇంటికి వస్తూ నాకు మా పాత సేటు మేకు యాదికొచ్చింది. నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, చెక్క దిమ్మకు కొట్టిన నిలువు మేకు, ఇప్పటికీ పై అటకలో ఉంది. ఎవరైనా పని చెప్తే చీటీ రాసి దానికి గుచ్చేవాళ్ళం. చిట్టాలో రాసేది వేరే, అది జరిగిన సంగతి. మేకు మీద ఉన్నదంటే ఇంకా జరగని సంగతి. పని అయితేనే చీటీ పీకి డబ్బాలో వేయాలి. రాత్రి షాపు మూసే ముందు సేటు చిట్టా ముట్టేవాడు కాదు, ముందు మేకు చూసేవాడు. అడుగున ఉన్న చీటీ పసుపు రంగు తిరిగిందంటే మాకు తిట్లే తిట్లు.

నీ గాడ్జెట్‌కు మేకు లేదు. పైన పది లైన్ల చిట్టా ఉండనీ, బాగుంది. దాని మీద ఒక చిన్న గడి పెట్టు. తెరిచి మూయని కంప్లయింటు, ఆర్డర్ పెట్టి రాని లోడు, బిల్లు కొట్టి పైసలు రానిది, ఈ మూడే. ఎన్ని రోజుల నుంచి పడి ఉందో పక్కన అంకె వేసి, పాతది పైన, కొత్తది కింద వెయ్యి, చిట్టాకు తలకిందులుగా. మనం పూర్తయిందని నొక్కేదాకా అది పోవద్దు. చదివినంత మాత్రాన పోవద్దు, అది గట్టిగా చెప్తున్నా, చదివితే పని అయినట్టా?

ఇంకో తలనొప్పి, ఒకే డబ్బు మూడుసార్లు రావడం. ఒక రైతు 4,850 కొడితే యూపీఐ లైను ఒకటి, బ్యాంకు మెయిల్ లైను ఒకటి, మన పిలగాడు ట్యాలీలో రసీదు కొడితే ఇంకోటి. మొదటి వారం మీ అమ్మ చూసి ఈ రోజు గిరాకీ మంచిగుందే అంది. నువ్వు మొన్న ఫోన్లో ఒకే అంకె, అరగంట తేడాలో వస్తే ఒకటిగా కలిపేస్తా అన్నావు. వద్దు బిడ్డా. ఒకే రకం స్టార్టర్ ఇద్దరు కొంటే ఇద్దరి అంకె ఒకటే, ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చినవాళ్ళు, పది నిమిషాల తేడా కూడా ఉండదు. ఒకరి డబ్బు మింగేస్తే రేపు వాడు వచ్చి కౌంటర్ మీద గుద్దుతాడు. యూపీఐకి 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంది కదా, బ్యాంకు మెయిల్లో కూడా అదే ఉంటుంది, ఆ రెండింటినీ దానితో కలుపు. ట్యాలీలో రసీదు కొట్టేటప్పుడు చివరి నాలుగు అంకెలు నేరేషన్‌లో, అంటే వివరం రాసే గడిలో, రాయమని పిలగాడికి నేను చెప్పా, వాడు గొణుగుతున్నాడు గానీ రాస్తున్నాడు. అంకెలు కలవనివి కలపకు, రెండు లైన్లుగానే ఉండనీ, నేనే చూసుకుంటా.

పోయిన నెల రెండు రోజులు గాడ్జెట్‌లో మెయిల్ సంగతులే రాలేదు. అంతా ప్రశాంతంగా ఉందని నేను సంతోషపడ్డా. తర్వాత నువ్వే చెప్పావు, మెయిల్ చూడటానికి మనం ఇచ్చిన టోకెన్, అంటే అనుమతి చీటీ, గడువు అయిపోయిందని. అట్లాగే షాపు కంప్యూటర్ బంద్ చేస్తే ట్యాలీ లైన్లు కూడా ఆగిపోతాయి, ట్యాలీ ఉన్నది ఇక్కడే కదా, నీ చిన్న ప్రోగ్రాం దాన్ని అడిగి తెచ్చి పైకి పంపేది. ఆగితే ఆగనీ, తప్పు కాదు. కానీ ఆగిందని చెప్పాలి కదా. ఏమీ జరగలేదు అన్నదానికి, ఏం జరిగిందో నాకు తెలియదు అన్నదానికి స్క్రీన్ మీద ఒకే ముఖం ఉంటే ఎట్లా? ఒక్కో యాప్ పేరు పక్కన చివరిసారి ఎప్పుడు తెచ్చిందో టైము వెయ్యి, గంట దాటితే ఎర్రగా చెయ్యి.

వాట్సాప్ కూడా కలుపుతా అన్నావు. మామూలు బిజినెస్ యాప్‌లోంచి తీయడానికి లేదు, ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి, ఏపీఐ అంటారు, అది వేరే తీసుకోవాలి, అది తీసుకుంటే ప్రతి మెసేజీ దానంతటదే వచ్చి పడుతుంది అని కూడా అన్నావు. నాకు వద్దు. ఆ నంబరుకు మోటారు ఫొటోలే కాదు, పట్టా పాసుబుక్కు ఫొటోలు వస్తాయి, బిడ్డ పెళ్ళికి చేబదులు అడిగే మాటలు వస్తాయి, అవన్నీ కౌంటర్ మీద స్క్రీన్లో నిలువునా దొర్లుతుంటే ఎదురుగా నిలబడినవాడు చదవడా? మిగతా షాపులవాళ్ళు అడిగితే నీ ఇష్టం, స్క్రీన్ మాత్రం గిరాకీ వైపు తిప్పి పెట్టొద్దని చెప్పు.

పాస్‌వర్డ్ల సంగతిలో నువ్వు చేసింది నాకు నచ్చింది. మెయిల్‌కు చూసే అనుమతి మాత్రమే తీసుకున్నావు, పాస్‌వర్డ్ అడగలేదు, వద్దనుకున్న రోజు నేనే తీసేయొచ్చని చూపించావు. అంతకుముందు బిల్లింగ్ పెట్టడానికి వచ్చిన కుర్రవాడికి అన్ని పాస్‌వర్డ్లూ కాగితం మీద రాసి ఇచ్చినవాణ్ణి నేనే, ఆ కాగితం ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కొత్త షాపులవాళ్ళు తొందరలో పాస్‌వర్డ్ చెప్పబోతారు, నువ్వు వినకు.

కొంచెం గట్టిగా రాశానేమో. అమ్మ ఇప్పుడే వచ్చి భుజం మీదనుంచి చదివి, ఆ పొలం సంగతి పిల్లకెందుకు రాసినవ్ రాత్రంతా నిద్రపోదు అంటోంది. నిద్రపో, పొలం తేరుకుంది, రెండు తడులు పడ్డాక పచ్చబడింది, దిగుబడి కొంత తగ్గిందని మాత్రం చెప్పాడు. నిన్న మళ్ళీ వచ్చాడు. ముందు జాగ్రత్తకు ఇంట్లో ఒకటి ఉండనీ అని ఇంకో కండెన్సర్ తీసుకుని, నేను వద్దంటున్నా వినకుండా నోట్లు లెక్కబెట్టి చేతిలో పెట్టిపోయాడు. అప్పుడు పిలగాడు అన్నానికి పోయి ఉన్నాడు, ట్యాలీలో ఇంకా కొట్టలేదు. అటక మీదనుంచి మేకు దింపి దుమ్ము దులిపి కౌంటర్ మీద పెట్టా, ఆయన చీటీ దానికే గుచ్చా.

వచ్చే ఆదివారం వస్తావా? పచ్చడి పెట్టాల్సిన పచ్చి మామిడికాయలు కూడా ఉన్నాయి, కారం పెట్టేటప్పుడు నువ్వుంటే బాగుంటుందంటోంది అమ్మ.

నాన్న