ఫోన్ ఉండగా ఈ రేడియో గోలేందిరా అన్నావు గదా, ఇదిగో చదువు

రేయ్ బావా,

ఎట్టుండావు? పిల్లోళ్ళు, చెల్లాయి బాగుండారా? మొన్న ఫోన్లో "వాట్సాప్ ఉంది, వీడియో కాల్ ఉంది, మిద్ది మీద తీగలు కట్టుకుని ముక్కూ మొహం తెలీనోళ్ళతో అరుచుకునేదేందిరా ఈ వయసులో" అని పడీ పడీ నవ్వావు గదా, అప్పుడు మా ఆవిడ పక్కనే ఉండి నీకే వత్తాసు పలుకుతా ఉంటే ఏం చెప్పలా. దీన్ని హ్యామ్ రేడియో అంటారు, లైసెన్సు తీసుకుని సరదాకి సొంత సెట్టుతో మాట్లాడుకునేది, మమ్మల్ని హ్యాములంటారు. ఇప్పుడు కావలిలో వాన, బయటికి పోయే పని లేదు, తీరిగ్గా రాస్తన్నా. పెద్దదే, టీ పెట్టించుకుని కూచో.

నా సెట్టు గాల్లోకి వదిలేది పది వాట్లు. మీ వరండాలో ఎల్ఈడీ బల్బు తినే కరెంటంత. మధ్యలో టవర్ లేదు, కేబుల్ లేదు, నెలనెలా రీఛార్జి లేదు, ఆ పది వాట్లతో మా మిద్ది మీదనుంచి బయల్దేరిన మాట పోయి ఇండోనేసియాలో ఒకాయన చెవిన పడింది, ఆయన నా కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చే అక్షరాలూ అంకెల పేరు, తిరిగి చదివి వినిపించాడు. అంతే, అంతకంటే మాట్లాడుకుందేం లేదు, వాతావరణం, ఏంటెన్నా, సలాం. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలా నాకు. ఫోన్లో అమెరికాతో మాట్లాడితే కంపెనీ గొప్ప, ఇది మాత్రం నేను కట్టిన తీగా, పైన ఆకాశమూ కలిసి చేసిన పని.

ఆకాశం అని ఊరికే అన్లేదు. మన తలమీద అరవై కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టి వందల కిలోమీటర్ల దాకా ఎండకి గాలి అణువులు విడిపోయి పొరలు పొరలుగా ఉంటాయి, ఐనోస్ఫియర్ అని స్కూల్లో చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయాం చూడు, అదే. షార్ట్‌వేవ్ దాన్ని తాకి కిందికి వంగి వచ్చేస్తాది. పగలు కింద డి పొర అని ఒకటి ఉంటాది, అది తక్కువ ఫ్రీక్వెన్సీలని మింగేస్తాది, అందుకే మా 40 మీటర్ల బ్యాండ్, అంటే 7 మెగాహెర్ట్జ్, పొద్దున పూట హైదరాబాదు, బెంగుళూరు, మీ చెన్నై దాకా శుభ్రంగా పలుకుద్ది, ఎక్కడో దేశాలు పెద్దగా వినపడవు. పొద్దుగూకాక ఆ డి పొర మాయమైపోద్ది, పై పొర మాత్రం ఉంటాది, ఇంక చూస్కో, దూరాలోళ్ళు వస్తారు, పక్క జిల్లా వాడు మాయమవుతాడు. ఒంగోలు మనిషి వినపడకుండా జావా మనిషి వినపడతన్నాడంటే ఎవుడు నమ్ముతాడు? మా ఆవిడ ఇంకా నమ్మలా.

దీనికితోడు సూర్యుడి మూడ్ ఒకటి. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చింది, లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రగా కనపడిందని పేపర్లో వచ్చింది చూడు, అట్టాంటప్పుడు షార్ట్‌వేవ్ బ్యాండ్లు పడుకుంటాయి. కొత్తోడైతే సెట్టు కాలిపోయిందేమోనని మూత ఊడదీసి కూచుంటాడు. పొద్దున లేస్తానే వాతావరణం చూసేవాళ్ళని చూశావు గానీ సూర్యుడి మీద మచ్చలెన్ని అని చూసేవాళ్ళని చూశావా? మేమే.

ఇంక ఏంటెన్నా. నువ్వేదో టవర్ అనుకుంటన్నావు గానీ అది వట్టి రాగి తీగ. 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అడుగులు వస్తాయి, 7.1కి దాదాపు 66 అడుగులు, మధ్యలో తెంపి చెరో 33 అడుగులు, తెంపిన చోట టీవీ కేబుల్ లాంటి కోయాక్స్ కేబుల్ కలిపి సెట్టు దాకా దించడం, దీన్నే డైపోల్ అంటారు. మధ్య భాగం నీళ్ళ ట్యాంకు పక్కన పైపుకి ఎత్తి కట్టా, ఒక కొస పిట్టగోడకి, ఇంకో కొస కొబ్బరి చెట్టుకి. కొబ్బరి చెట్టుతో వచ్చిన చిక్కేందంటే సముద్రపు గాలికి ఊగుద్ది, ఊగితే తీగ తెగుద్ది, అందుకని ఆ కొసకి చిన్న కప్పీ పెట్టి తాడు చివర ఇసక నింపిన సీసా వేలాడదీశా, చెట్టు ఎంత ఊగినా సీసా పైకీ కిందికీ పోతాది, తీగ బిగువు అట్టనే ఉంటాది. ఇది నా బుర్రలో పుట్టింది కాదులే, ఒంగోలులో ఒక పెద్దాయన, ఆయనా హ్యామే, చెప్పాడు. పక్కింటి పిన్ని మాత్రం ఇది బట్టలారేసే తీగ కాదంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

బ్యాండులో నిజమైన శత్రువు దూరం కాదురా, రొద. ఎల్ఈడీ లైట్లు, చవకరకం ఛార్జర్లు, ఇన్వర్టర్లు, అన్నీ కలిసి రేడియోలో ఒకటే జుమ్మని మోత, ఆ మోత కింద మనిషి గొంతు వెతుక్కోవాల. అందుకే కరెంటు పోతే వీధి వీధంతా ఉసూరంటాది, నేను మాత్రం చీకట్లో తడుముకుంటా మిద్దెక్కుతా. బ్యాటరీ మీద సెట్టు ఆన్ చేస్తే, అబ్బ, ఆ నిశ్శబ్దం నీకెట్టా చెప్పాలో! మోత సగానికి పైగా దిగిపోద్ది, అంతదాకా మునిగిపోయున్న గొంతులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఎండాకాలం కోతలకి ఎదురుచూసే మడిసిని నెల్లూరు జిల్లాలో నన్నొక్కణ్ణే చూస్తావు.

పొద్దున్నే నెట్ ఉంటాది. ఇంటర్నెట్ కాదు, ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అందరూ చేరడాన్నే నెట్ అంటారు. కంట్రోల్ స్టేషన్ అని ఒకాయన ఉంటాడు, ఒక్కొక్కరినీ పిలుస్తాడు, వంతు వచ్చినప్పుడే మాట్లాడాల, అడ్డం పడకూడదు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, హిందీ అన్నీ కలిసి ఉంటాయి. ఎనభై ఏళ్ళాయన్నీ, ఇంజనీరింగ్ కుర్రోణ్ణీ ఒకే మాదిరి ఓల్డ్ మ్యాన్ అంటారు. డాక్టరు, లారీ ఓనరు, రిటైరైన బ్యాంకు మేనేజరు, ఐటీఐ చదివే పిల్లోడు, ఎవురెవురో. ఎవుడి ఆస్తి ఎంతో ఎవుడికీ తెలీదు, ఎవుడి ఏంటెన్నా ఎన్నడుగులో అందరికీ తెలుసు. రాజీవ్ గాంధీ కూడా మా మాదిరే హ్యామ్‌గా ఉండేవాడు, వీయూ2ఆర్జీ ఆయన కాల్‌సైన్, నాదేమో వీయూ3తో మొదలవుద్ది, అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడు, కింది మెట్టు లైసెన్సు.

అన్నిటికంటే నాకు నచ్చిన రూలేందో తెలుసా, రాజకీయాలు, మతం, వ్యాపారం గాల్లో మాట్లాడకూడదు. పాటలు వెయ్యకూడదు, రహస్య భాష వాడకూడదు, కాల్‌సైన్ చెప్పకుండా మాట్లాడకూడదు. నెల్లూరోళ్ళూ ఒంగోలోళ్ళూ ఒకచోట చేరి అరగంట రాజకీయం ఎత్తకుండా మాట్లాడుకోవడం నువ్వెప్పుడన్నా చూశావా? లైసెన్సు పోతాదంటే అదీ జరుగుద్ది.

ఇప్పుడు ఎఫ్‌టీ8 అని మాటల్లేకుండా కంప్యూటర్‌తో పంపే పద్ధతి వచ్చింది, 2017లో, నోబెల్ ప్రైజు తీసుకున్న జో టేలర్ ఇంకొకాయనతో కలిసి తయారుచేశాడు. పదిహేను సెకన్లకోసారి కంప్యూటర్లే పంపించుకుంటాయి, మన చెవికి వినపడనంత బలహీనమైన సిగ్నల్ని కూడా పట్టేస్తాయి. తెలివైన పనే, కాదన్ను, కానీ నాకెక్కలా. మనిషి దగ్గు కూడా వినపడాల నాకు.

సెట్టు గురించి అడిగావు గదా, లక్షలు పోశానని ఎవురో చెప్పినట్టుండారు. జపాన్ సెట్లు ఖరీదే. కానీ మన హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ గారని వీయూ2ఈఎస్ఈ, ఆయన బిటెక్స్ అని ఒక డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశాడు, మామూలు షాపుల్లో దొరికే ట్రాన్సిస్టర్లతో ఎవుడికి వాడు కట్టుకునేట్టు. ప్రపంచమంతా కట్టుకున్నారు దాన్ని. నాది ఆ కుటుంబంలోదే, మైక్రో బిటెక్స్. మూత తీస్తే ఏ భాగం ఏం చేస్తన్నాదో కనపడుద్ది, నీ ఫోన్ మూత తీసి చూడు ఏం అర్థమవుద్దో.

శ్రీహరికోట సంగతి నీకసలు తెలీదనుకుంటా. మన జిల్లా మనిషివై ఉండి. (ఇప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయిందిలే, అప్పటికి మనదే.) 2005 మే 5న పీఎస్ఎల్వీ సీ6 ఎక్కి కార్టోశాట్‌తో పాటు హామ్‌శాట్ అని 42.5 కిలోల చిన్న ఉపగ్రహం పోయింది, కేవలం మా హ్యాముల కోసం. రెండో లాంచ్ ప్యాడ్ మీదనుంచి లేచిన మొదటి రాకెట్ కూడా అదే. దాంట్లో రెండు ట్రాన్స్‌పాండర్లు, అంటే కిందినుంచి వచ్చిన మాటని పట్టి తిరిగి కిందికి పంపేవి, ఒకటి మనోళ్ళు చేసింది, ఇంకోటి హాలండ్‌లో ఒక స్టూడెంట్ చేసింది. ఇక్కణ్ణుంచి యూహెచ్ఎఫ్ అనే ఒక ఫ్రీక్వెన్సీలో పంపితే అది వీహెచ్ఎఫ్ అనే ఇంకో ఫ్రీక్వెన్సీలో కిందికి వదిలేది, ప్రపంచంలో ఎవుడైనా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. 2014 దాకా పనిచేసింది. నేను ఈ పిచ్చిలో పడేసరికి అది పోయింది, అదొక్కటే కడుపులో బాధ. పెద్దాయన దాని గురించి చెప్తా ఉంటే పెళ్ళి మిస్సయినోడిలాగా వింటా ఉంటా.

సరే, పనికొచ్చే సంగతికొస్తా, నువ్వు అడిగింది అదే గదా, దీనివల్ల ఉపయోగమేందని. 2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ గారు, వీయూ2ఆర్బీఐ, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళ తరఫున అండమాన్ పోయారు. అక్కణ్ణుంచి హ్యాములు మాట్లాడి చాలా ఏళ్ళయింది, లోకంలో అందరూ ఆ స్టేషన్‌తో ఒక్క మాట కలిపితే చాలని కాచుకుని ఉండారు, అంటే మొత్తం సరదా కోసం పోయిన పని. 26 పొద్దున సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాకి తీసుకుపోయిన ఆ సెట్టే పోర్ట్ బ్లెయిర్ నుంచి మెయిన్‌లాండ్‌కి వార్తలు మోసింది, ఫలానా మనిషి క్షేమం, ఫలానా చోట ఇది కావాల అని. ఆ అలే మన తీరానికీ వచ్చింది గదా, ఆ రోజు మైపాడు, కొత్తపట్నం పేర్లు వింటే గుండె ఎట్టా కొట్టుకుందో నీకూ గుర్తుండాల.

2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు, 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, మనకి తెలిసొచ్చింది ఒకటే, రోడ్డు తెగితే డీజిల్ రాదు, డీజిల్ రాకపోతే టవర్లు ఎంతసేపు ఉంటాయి? బ్యాటరీ, తీగ, మనిషి, ఈ మూడూ ఉంటే మాకు చాలు. అట్టని రేపు తుఫానొస్తే ఈ కావలోడే ఊరిని కాపాడతాడని కోతలు కొయ్యట్లా, జిల్లాకి పది పదిహేను మంది అన్నా ఉంటే పనికొస్తాం, ఒక్కడుంటే ఎవుడితో మాట్లాడతాడు? అందుకే నీ మీద పడింది నా కన్ను.

ఈ లైసెన్సు పరీక్ష పన్నెండేళ్ళు దాటితే ఎవురైనా రాయొచ్చు, కాబట్టి నీ పెద్దోణ్ణి కూడా కూచోబెట్టు. పరీక్షలో రెండు భాగాలు, రేడియో థియరీ, రూల్సు. ఓమ్స్ లా గుర్తుంటే సగం పాసైనట్టే. దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సరళ్ సంచార్ పోర్టల్లో. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్, అంటే చుక్కలూ గీతల కోడు, అక్కర్లేదు, పై మెట్టు జనరల్‌కి నిమిషానికి ఎనిమిది మాటలు రావాల, నేను దానికోసం బండి మీద పోతా షాపుల బోర్డులన్నీ డా డిట్ డా డిట్ అని చదువుకుంటన్నా, జనం చూసి పక్కకి తప్పుకుంటన్నారు. ముందు ఊరికే విని చూడు, నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళ వెబ్ ఎస్‌డీఆర్, అంటే ఇంటర్నెట్లో వినే రేడియో, అని కొట్టు, ఫోన్లోనే వినొచ్చు. ఫోన్ ఉండగా రేడియో ఎందుకన్నావే, ఆ ఫోన్లోనే విను పో.

వచ్చేవారం వస్తానన్నావు గదా. వచ్చేముందు మీ చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి నాకు ఆర్జీ 58 కేబుల్ పాతిక మీటర్లు, పీఎల్ 259 కనెక్టర్లు నాలుగు తీసుకురా, కనెక్టర్లు చేత్తో పట్టుకుని చూసి కొను, పూత రాలిపోయే రకం అంటగడతారు. పాత మానిటర్ కేబుళ్ళకి నల్లగా లావుగా ఉండే ఫెర్రైట్ దిమ్మలు దొరికితే అవి ఎన్నుంటే అన్ని, రొద తగ్గించడానికి వాటిని మించింది లేదు. డబ్బులు ఫోన్‌పే చేస్తాలే. మా ఆవిడతో మాత్రం అవి నీ పనికోసమే తెచ్చుకున్నావని చెప్పు, కేబుల్ ఖర్చు ఈ నెలకి అయిపోయిందంట.

నీ బావ