ఏ ఛార్జరైనా పెట్టుకోమన్నది మీరే, పెట్టుకుంటే వారంటీ లేదన్నదీ మీరే

విషయం: వేరే కంపెనీ ఛార్జర్ వాడానని జాబ్ షీట్‌లో రాసి వారంటీ నిరాకరించడం గురించి

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న అయిదో మెయిల్. ముందు నాలుగింటికీ వచ్చిన జవాబు ఒక్కటే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి ఒరిజినల్ ఛార్జర్ వాడండి" అని. నాలుగుసార్లూ కామాతో సహా ఏమీ మారలేదు కాబట్టి నా మెయిల్ మనిషెవరూ చదవలేదని అర్థమైంది. అందుకే ఈసారి మొదటి నుంచీ చెప్తున్నాను. పొడుగు అవుతుంది, కానీ మీ ఫోన్ ఛార్జ్ అవడానికి నేను ఎదురుచూసినంత సేపు మాత్రం పట్టదు చదవడానికి.

ఏడు నెలల కిందట మీ ఫోన్ కొన్నాను. బాక్స్‌లో ఫోన్, ఒక కేబుల్, సిమ్ ట్రే తీసే పిన్ను, ఎవరూ చదవని ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. ఛార్జర్ లేదు, లేదని నాకు ముందే తెలుసు, దాని మీద నాకు గొడవ కూడా లేదు. ఇంట్లో ఇప్పటికే నాలుగు ఛార్జర్లు పడి ఉన్నాయి, అయిదోది ఏం చేసుకుంటాను? పైగా బాక్స్ వెనకవైపు మీరే రాశారు, "మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఛార్జర్‌ను వాడుకోవచ్చు" అని. ముందువైపు అరచేయంత అంకెలతో 67 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్ అని ఉంది. నా పాత ఫోన్ వేరే కంపెనీది, దానితో వచ్చిన ఛార్జర్ 65 వాట్లది. అరవై ఏడుకి అరవై అయిదు, రెండు వాట్లు తగ్గితే కొంప మునుగుతుందా అనుకున్నాను.

మొదటి రాత్రి 12 శాతం దగ్గర పెట్టిన ఫోన్ నిండేసరికి దాదాపు మూడు గంటలు పట్టింది. అదే ఛార్జర్ మీద నా పాత ఫోన్ నలభై నిమిషాల్లో నిండేది. ఛార్జర్ పోయిందేమో అనుకుని పాత ఫోన్ పెట్టి చూస్తే అది ఎప్పటిలాగే పరుగెత్తింది. అంటే ఛార్జర్ బాగానే ఉంది, మీ ఫోనూ బాగానే ఉంది, ఒకరి మాట ఒకరికి అర్థం కావడం లేదంతే. స్క్రీన్ మీద మాత్రం "ఛార్జ్ అవుతోంది" అని ఒక్క ముక్క. ఎంత వేగంగా, ఎందుకు నెమ్మదిగా, ఏమీ లేదు.

నాకు ఇలాంటివి వదలబుద్ధి కాదు (మా ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అంటారు). కేబుల్‌కీ ఛార్జర్‌కీ మధ్య పెట్టి వోల్టులూ ఆంపియర్లూ చూపించే చిన్న యూఎస్‌బీ మీటర్ తెప్పించాను. పాత 65 వాట్ల ఛార్జర్, మీ బాక్స్‌లో వచ్చిన కేబుల్, మీ ఫోన్ కలిపితే 5 వోల్టులు, 1.8 ఆంపియర్లు, అంటే 9 వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు, దాన్ని 9 వాట్లతో నింపుతుంటే మధ్యలో వేడిగా పోయేది పోగా, చివర్లో ఫోన్ తానే వేగం తగ్గించుకోగా మూడు గంటలు కాక ఇంకెంత అవుతుంది. అప్పుడు ఆ పాత ఛార్జర్ వీపు మీద చీమ తలకాయంత అక్షరాలు టార్చ్ వేసి చదివాను. 5 వోల్టులు 2 ఆంపియర్లు, 10 వోల్టులు 6.5 ఆంపియర్లు అని ఉంది. ఆ రెండోది సొంత కంపెనీ ఫోన్‌కి, మొదటిది దారిన పోయే ఫోన్‌కి. 65 అన్న అంకె వాళ్ల ఇంటి పిల్లలకే, బయటివాళ్లకి 10.

ఇందులో ఆ ఛార్జర్ కంపెనీని నేనేమీ అనను, చేతిలో టార్చ్ ఉంటే చాలు, వాళ్లు ఆ మాట ఛార్జర్ మీదే అచ్చు వేశారు. మీ బాక్స్ మీద మాత్రం ఎంత వెతికినా మీ ఫోన్ ఏ పద్ధతికి ఎన్ని వాట్లు తీసుకుంటుందో లేదు.

రెండో ప్రయోగం లాప్‌టాప్ ఛార్జర్‌తో చేశాను. అదీ 65 వాట్లదే, కానీ యూఎస్‌బీ పీడీది (పవర్ డెలివరీ), అంటే ఏ కంపెనీ సొత్తూ కాకుండా అందరికీ ఉన్న ఛార్జింగ్ పద్ధతి. మీ కేబుల్‌తో పెడదామంటే అసలు దూరదు, ఎందుకంటే మీరిచ్చిన కేబుల్‌కి ఒకవైపు టైప్-సి, ఇంకోవైపు పాత పలక మూతి టైప్-ఏ. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. పీడీలో ఫోనూ ఛార్జరూ "ఎన్ని వోల్టులు ఇస్తావు, ఎన్ని కావాలి" అని మాట్లాడుకునేది టైప్-సి కనెక్టర్‌లో ఉండే సీసీ అనే తీగ మీద, ఆ తీగ టైప్-ఏ వైపుకి చేరదు. అంటే "ఉన్న ఛార్జర్ వాడుకో" అని చెప్పి, అందరికీ పనికొచ్చే ఆ ఒక్క పద్ధతినీ అడ్డుకునే కేబుల్‌ని బాక్స్‌లో పెట్టారు. ఇది తెలియక జరిగిందంటే నమ్మాలా? వేరే టైప్-సి టు టైప్-సి కేబుల్ కొని పెట్టాక మీటర్ మీద 9 వోల్టులు, 1.9 ఆంపియర్లు, పదిహేడు వాట్ల పైచిలుకు వచ్చింది. ఫోన్ గంటన్నరలో నిండింది. మీ ఫోన్ పీడీకి పద్దెనిమిది వాట్ల దగ్గర ఆగిపోతుందని నేను తెలుసుకున్నది మీ బాక్స్ నుంచి కాదు, మీ వెబ్‌సైట్ నుంచి కాదు, ఆ చిన్న మీటర్ నుంచి.

మూడోది మీ ఛార్జరే. నా స్నేహితుడి దగ్గర మీ పాత మోడల్‌తో వచ్చిన 67 వాట్ల ఛార్జర్ ఉంటే తెచ్చుకుని పెట్టాను. నలభై అయిదు నిమిషాల్లో నిండింది, మెరుపు బొమ్మ, అంకెలు గిర్రున తిరగడం, అన్నీ కనిపించాయి. కొలుద్దామని మధ్యలో మీటర్ పెట్టగానే మళ్లీ 5 వోల్టులకి పడిపోయింది. మీ కేబుల్ టైప్-ఏ మూతిలోకి తొంగిచూస్తే మామూలుగా ఉండే నాలుగు పిన్నులు కాక అయిదోది ఒకటి ఉంది, నా మీటర్‌లో అది లేదు. మధ్యలో ఎవరున్నా మాట్లాడనంటుంది, బాగా పెంచారు.

ఇలా ఎవరి పద్ధతి వాళ్లు పెట్టుకోవడం వెనక ఇంజనీరింగ్ కారణాలు లేవని నేను అనడం లేదు. మొదట్లో యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరే, అంటే రెండున్నర వాట్లు. ఫోన్ బ్యాటరీలు పెరిగే కొద్దీ అది చాలలేదు. క్వాల్‌కామ్ వాళ్ల ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి క్విక్ ఛార్జ్ 2.0 వోల్టేజీని 9కీ 12కీ పెంచింది. 2014లో వచ్చిన ఒప్పో వాళ్ల పద్ధతి వూక్ దానికి ఎదురు దారి పట్టింది, వోల్టేజీ 5 దగ్గరే ఉంచి కరెంటును 4 ఆంపియర్లకి తీసుకెళ్లింది, ఎందుకంటే ఎక్కువ వోల్టేజీ పంపితే దాన్ని బ్యాటరీకి తగ్గట్టు దించే పని ఫోన్ లోపల జరిగి ఫోన్ వేడెక్కుతుంది, ఆ పనేదో గోడ దగ్గర అడాప్టర్‌లోనే చేసేస్తే వేడి అక్కడే ఉండిపోతుంది. అంత కరెంటు మామూలు కేబుల్‌లో పంపితే ప్రమాదం కాబట్టి ప్రత్యేక కేబుల్, ప్రత్యేక పిన్ను. ఇంతవరకు న్యాయమే. కానీ 2017లోనే పీడీలో పీపీఎస్ (ప్రోగ్రామబుల్ పవర్ సప్లై) అని వచ్చింది, దానితో ఫోన్ తనకు కావలసిన వోల్టేజీని 20 మిల్లీవోల్టుల మెట్లలో అడిగి తీసుకోవచ్చు, ఆ వేడి గొడవకి అందరికీ పనికొచ్చే పరిష్కారం అది. అది మీ ఫోన్‌లో ఎందుకు లేదో చెప్పండి. పెట్టకపోతే పోనీ, లేదని అయినా రాయండి.

సరే, నెమ్మదిగా ఛార్జ్ అవుతుందని నేను కంపెనీలకి మెయిళ్లు రాసే మనిషిని కాదు. లాప్‌టాప్ ఛార్జర్ వాడుకుంటూ ఆరు నెలలు గడిపేశాను. అసలు సంగతి కిందటి నెలలో జరిగింది.

ఫోన్ ఛార్జింగ్ పెడితే ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కదు, కేబుల్ కాస్త వంచి పట్టుకుంటే ఎక్కుతుంది. మీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఛార్జర్ వాడుతున్నారు?" నేను అబద్ధం చెప్పలేదు, వేరే కంపెనీది అన్నాను. ఆయన ముఖంలో ఎంత తేలిక కనిపించిందో, పని తగ్గిపోయినవాడి సంతోషం. "అదేనండీ ప్రాబ్లం, వేరే ఛార్జర్ ఎక్కువ పవర్ పంపించి బోర్డు కొట్టేస్తుంది, వారంటీ రాదు" అని జాబ్ షీట్ మీద "నాన్-జెన్యూన్ ఛార్జర్ వల్ల డ్యామేజ్, వారంటీ వర్తించదు" అని రాసి సంతకం పెట్టమన్నారు. ఫోన్ విప్పలేదు. పోర్ట్‌లోకి చూడలేదు. బోర్డు మార్చాలంటే నా చేతి డబ్బే అన్నారు. నేను సంతకం పెట్టకుండా వచ్చేశాను, ఆ రాత్రి మాత్రం ఒకటే టెన్షన్, నిజంగానే నా చేతులతో నేనే పాడుచేసుకున్నానేమో అని.

ఎక్కువ పవర్ పంపించడం అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ మనుషులందరూ అదే చెప్తున్నారు. సరిగ్గా తయారైన ఛార్జర్ ఏదీ ఫోన్‌లోకి కరెంటును నెట్టదు. 65 వాట్లు అంటే ఇవ్వగలిగిన గరిష్ఠం, ఫోన్ ఎంత లాక్కుంటే అంతే పోతుంది. వోల్టేజీ పెరగాలంటే ఫోన్ అడగాలి, అడగకపోతే 5 దగ్గరే ఉంటుంది, అది ఏ యూఎస్‌బీ ఫోనైనా తట్టుకునేదే. నా పాత ఛార్జర్ మీ ఫోన్‌కి 9 వాట్లే ఇచ్చింది, లాప్‌టాప్ ఛార్జర్ పదిహేడు. మీ సొంత ఛార్జర్ 67 ఇచ్చేలా చేసింది మీరే. పదిహేడుకి కాలిపోయే బోర్డు అరవై ఏడుకి ఎలా బతికింది? నాసిరకం నకిలీ ఛార్జర్లు ఉంటాయి, వాటితో ప్రమాదం నిజమే, ఒప్పుకుంటాను, కానీ పేరున్న కంపెనీ ఛార్జర్‌నీ ఊరూపేరూ లేని నకిలీనీ ఒకే గంపలో వేసి "నాన్-జెన్యూన్" అని ముద్ర కొట్టడం మీకు సులువు, అంతే.

వారం తర్వాత మీదే ఇంకో సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ ఉన్న అమ్మాయి ఏమీ అడగలేదు. పోర్ట్‌లోకి లైటు వేసి చూసి, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో ఒక బూడిద రంగు నూగు ఉండ బయటికి లాగింది. ప్యాంటు జేబులో ఉండే దుమ్ము, ఏడు నెలలుగా కేబుల్ గుచ్చినప్పుడల్లా లోపలికి కూరుకుంటూ వచ్చిందట. రెండు నిమిషాల పని, డబ్బు కూడా తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఫోన్ శుభ్రంగా ఛార్జ్ అవుతోంది, అదే లాప్‌టాప్ ఛార్జర్‌తో. ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు, అడిగి ఉంటే ఈ మెయిల్‌లో పొగిడేవాడిని.

మరి ఫోన్ బాగయ్యాక ఈ మెయిల్ ఎందుకంటే, మొదటి చోట రాసిన ఆ వాక్యం మీ సిస్టమ్‌లో అలాగే ఉంది. ఆ అమ్మాయే స్క్రీన్ మీద చూపించింది. ఇంకా అయిదు నెలల వారంటీ ఉంది. రేపు నా స్పీకర్ పోయినా, డిస్‌ప్లేలో గీత వచ్చినా, మీవాళ్లు ముందు ఆ వాక్యం చూస్తారు. జేబు దుమ్ముకి నా ఛార్జర్ మీద కేసు పెట్టినట్టు ఉంది.

కాబట్టి నాకు కావలసింది ఒకటే, ఆ రిమార్కు తీసేయడం. తీసేసినట్టు రాతపూర్వకంగా పంపండి, ఫోన్‌లో చెప్తే వినను. రెండు సెంటర్ల జాబ్ షీట్లూ, మీటర్ అంకెలు కనిపించే ఫోటోలూ, బాక్స్ వెనకవైపు ఫోటో జత చేశాను. ఉన్న ఛార్జర్ వాడుకోవచ్చన్న మీ వాక్యం చుట్టూ ఎర్ర గీత గీశాను, కనబడలేదనకుండా.

ఇంకొకటి అడగాలనుంది, ఇది నా ఒక్కడి కోసం కాదు. బాక్స్ మీద 67 పక్కన "మా ఛార్జర్, మా కేబుల్‌తో మాత్రమే; పీడీతో 18" అని ఒక్క లైను వేయండి. ఛార్జింగ్ పెట్టినప్పుడు స్క్రీన్ మీద ఎన్ని వాట్లు వెళ్తున్నాయో చూపించండి, ఆ లెక్క ఫోన్‌కి ఎలాగూ తెలుసు. కష్టమని చెప్పకండి. యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన కామన్ ఛార్జర్ చట్టం 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకి అమల్లోకి వచ్చింది, అక్కడ అమ్మే ఫోన్ కేబుల్‌తో ఛార్జ్ అయ్యేదైతే టైప్-సి ఉండాలి, 15 వాట్లు దాటి తీసుకునేదైతే పీడీ ఉండాలి, సొంత పద్ధతి ఏదైనా ఉంటే అది పీడీకి అడ్డు రాకూడదు, కనీసం ఎన్ని వాట్లు, గరిష్ఠం ఎన్ని వాట్లు అని బాక్స్ మీద లేబుల్ ఉండాలి. వాళ్ల కోసం అచ్చు వేయగలిగిన లేబుల్ మిగతావాళ్ల బాక్స్ మీద వేయడానికి సిరా చాలదా?

జవాబు కోసం పదిహేను రోజులు చూస్తాను, ఆ తర్వాత ఇవే కాగితాలు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాయి. దయచేసి మనిషి చేత చదివించండి. ఒరిజినల్ ఛార్జర్ వాడమని మాత్రం అయిదోసారి రాయకండి, అది మీరు నాకు ఇవ్వనే లేదు.

ఇట్లు,
మీ ఫోన్‌ను వేరేవాళ్ల ఛార్జర్‌తో వాడుతున్న ఒక వినియోగదారు