కరెంటు పోయినా నిలిచే తాళాలు టవర్లకు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కాపలా లేని సెల్ టవర్ల దగ్గర బ్యాటరీలు, డీజిలు, రాగి తీగలు పోయాయంటే అది కంపెనీల నష్టమేనని అనుకుంటాం. కానీ బ్యాటరీలు లేని టవరు కరెంటు పోగానే ఆగిపోతుంది, అంబులెన్సుకు చేసే ఫోను కలవదు. అందుకే టవరు దగ్గర ఈ సామానుండే గదుల తాళాల సంగతి అందరికీ పట్టాలి.

ఒకే తాళంచెవి పదుల సైట్లకు పట్టే పాత పద్ధతిలో నకళ్లు ఎన్ని ఉన్నాయో, పని మానేసినవారి దగ్గర ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పలేరు. ఎలక్ట్రానిక్ తాళమైతే ఫలానా మనిషికి, ఫలానా సైటుకు, పని టికెట్టు (ఆ పనికి ఇచ్చిన ఆర్డరు) నడుస్తున్న గంటల వరకే అనుమతి ఇవ్వొచ్చు. మంచి మార్పే. అయితే అమర్చడంలో తేడా వస్తే పాత తాళమే నయమనిపిస్తుంది.

అయస్కాంత తాళం కరెంటు ఉన్నంతసేపే తలుపును పట్టుకుంటుంది. తీగ తెంపితే వదిలేస్తుంది. మనుషులుండని గదికి కరెంటు లేకున్నా మూసే ఉండే మోటారు తాళం కావాలి. లోపలున్నవారు బయటికి రావడానికి మామూలు పిడి తప్పనిసరి. తాళాన్ని నడిపే కంట్రోలరుకు సరఫరా సైటులోని మైనస్ 48 వోల్టుల డీసీ లైను, అంటే టవరు పరికరాలు నడిచే బ్యాటరీ లైను నుంచే వస్తుంది. బ్యాటరీ దిగినప్పుడు ముందుగా సరఫరా తెంచేసే పరికరాల వైపు దాన్ని కలిపితే అదీ ఆరిపోతుంది. చివరిదాకా ఉండే బ్రేకరుకు కలిపి, సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఇవ్వాలి.

చవక కీప్యాడుల్లో తలుపు తెరిచే రిలే, అంటే తాళానికి సంకేతమిచ్చే స్విచ్, బయటి డబ్బాలోనే ఉంటుంది. స్క్రూలు విప్పి రెండు తీగలు కలిపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. బయట కార్డు చదివే రీడరు మాత్రమే ఉండాలి. ఆ రీడరుకు చూపే కార్డుల్లో పాత రకమైన 125 కిలోహెర్ట్జ్ కార్డులకు నకలు తీయడం తేలిక కాబట్టి వాటిని మానేయడమే మేలు.

అన్నిటికన్నా నిర్లక్ష్యం జరిగేది అలారం దగ్గర. కీలు తుప్పుపట్టి తలుపు కొద్దిగా కిందికి జారితే తలుపుకున్న అయస్కాంతం, తలుపు తెరిచిందో లేదో పసిగట్టే రీడ్ స్విచ్‌కు దూరమవుతుంది. ఇక గాలి వీచినప్పుడల్లా 'తలుపు తెరిచి ఉంది' అని అలారం మోగుతుంది. విసిగిపోయిన కంట్రోల్ రూము ఆ సైటు అలారాన్ని మోగకుండా నొక్కిపెడుతుంది. తర్వాత నిజంగా తలుపు పగలగొట్టినా ఎవరికీ తెలియదు. నొక్కిపెట్టిన అలారాల జాబితాను వారం వారం చూసి, కీలూ స్విచ్చూ సరిచేయించాలి. అలారం పోయే దారి టవరు సొంత లింకు (దాన్ని నెట్వర్కుకు కలిపే కేబుల్) ఒక్కటే అయితే కేబుల్ కోసిన క్షణమే అదీ పోతుంది. వేరే నెట్‌వర్కు సిమ్ ఒకటి ఉండాలి. సైటు నుంచి సంకేతాలు ఆగిపోతే దాన్నే అలారంగా లెక్కించాలి.

కొత్త తాళాన్ని ఒప్పుకునే ముందు కంపెనీలు ఒక పరీక్ష పెట్టుకోవాలి. మెయిన్ సరఫరా ఆపి, లింకు పీకి చూడాలి. అప్పుడు తలుపు మూసే ఉందా, అనుమతి ఉన్న కార్డుకు తెరుచుకుందా, కబురు కంట్రోల్ రూముకు చేరిందా? మూడూ జరగకపోతే ఆ బిల్లు మీద సంతకం పెట్టకూడదు.

– ఒక టెలికాం ఇంజినీరు