అవగాహన సదస్సులో ఎవరికి అర్థమైంది?

సంపాదకులు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో భూగర్భజలాలపై రైతులకు అవగాహన కల్పించారని ఫొటోతో సహా వేశారు. ఆ సదస్సుకు నేనూ వెళ్ళాను. వేదిక మీద కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ వేశారు గానీ అక్కడ ఏం చెప్పారో ఒక్క ముక్క లేదు.

గంటన్నరసేపు తెర మీద ఇంగ్లీషు గ్రాఫులే. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, ‘మా బోరు నీళ్ళు తాగొచ్చా బాబూ?’ అని అడిగింది. వేదిక మీది అధికారి కాగితం చూసి, ‘టీడీఎస్ 1,840. పర్మిసిబుల్ లిమిట్‌లోనే ఉందమ్మా’ అన్నారు. ‘అంటే తాగమంటారా, వద్దంటారా?’ అందావిడ. జవాబు లేదు, మైకు ఇంకొకరికి వెళ్ళిపోయింది. టీడీఎస్ అంటే లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు, అవి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతేనే 2,000 దాకా సరిపెట్టుకోవాలి, మీవి ఆ అంచుకు వచ్చేశాయి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. లీటరు మంచినీళ్ళు కిలో తూగితే సముద్రపు నీళ్ళు సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి. అందుకే మన తీరం ఊళ్ళ ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద మంచినీరు పొరలా తేలుతుంటుంది. తేడా 40వ వంతు. కాబట్టి పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు దిగితే, అడుగునున్న ఉప్పునీరు పోనుపోను 40 అడుగుల దాకా పైకి రాగలదు. నూరేళ్ళు దాటిన లెక్క ఇది, పదో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది. రాత్రింబవళ్ళు మోటార్లు వేసేవాళ్ళకు ఆ రోజు చెప్పాల్సిన మాట ఇదొక్కటే. అదే చెప్పలేదు.

ఇది ఒక్క శాఖతో పోయేది కాదు. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక, ఇన్ని లక్షల క్యూసెక్కులు అని చదివేస్తారు. లంకలో ఉన్నవాడికి కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో, గొడ్లను ఎప్పుడు గట్టు మీదికి తోలుకోవాలో కావాలి. మట్టి పరీక్ష కార్డు మీద ఈసీ, ఓసీ అని అంకెలు అచ్చేసి చేతిలో పెడతారు, ఈసీ అంటే మట్టిలో ఉప్పు కొలత, ఓసీ అంటే సేంద్రియ కర్బనం అని, ఈసీ అంకె పెరిగితే చేలో చౌడు తేలుతోందని చెప్పే మనిషి ఉండడు. నీటి తీరువా నోటీసు మాత్రం ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో వస్తుంది.

ప్రతి సచివాలయం బోర్డు మీద ఆ ఊరి తాగునీటి బోర్లలో ఉప్పు ఎంతుందో, తాగొచ్చో లేదో సార్వాకు (ఖరీఫ్) ముందొకసారి, దాళ్వా (రబీ) కోతలయ్యాక ఒకసారి తెలుగులో రాయించాలి. మీరు కూడా ఈసారి సదస్సు వార్త వేసేటప్పుడు ఫొటో చిన్నది చేసి, చెప్పిన సంగతి వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సఖినేటిపల్లి మండలం