వచ్చాడా, వచ్చిందా: నాన్నగారికి ఉత్తరం

ఎస్పో,
నవంబరు 23

పూజ్యులైన నాన్నగారికి, మీ అమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో మీ ఉత్తరంలో లేదు, ఈసారి తప్పక రాయండి. ఆవకాయ, కందిపొడి భద్రంగా చేరాయి. సీసా మూతకు అమ్మ కట్టిన గుడ్డ విప్పబుద్ధి కాక రెండు రోజులు అలాగే బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాను. ఉద్యోగం మామూలుగానే సాగుతోంది, రాసేంత విశేషం లేదు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతోంది కాబట్టి సాయంత్రాలు పొడుగ్గా ఉంటున్నాయి, ఆ పొడుగు సాయంత్రాల్లోనే మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

చదివిన ప్రతిసారీ అన్నయ్య పెద్దబిడ్డ గురించి, మగపిల్లవాడిగా పెరిగి ఇప్పుడు తను ఆడపిల్లనని చెప్పిన మన బిడ్డ గురించి, మీరు రాసిన వాక్యం దగ్గరే ఆగిపోయాను. జీవితమంతా పిల్లలకు లింగ వచన విభక్తులు చెప్పిన మీకు మన ఇంటి బిడ్డకు ఏ క్రియ వాడాలో తెలియడం లేదని రాశారు. కోపంతో రాసి ఉంటే నేనూ రెండు మాటలు అని ఊరుకునేదాన్ని. మీరు తెలియడం లేదని రాశారు కాబట్టి, నాకు తెలిసినంత మటుకు కూర్చుని రాస్తున్నాను.

ఈ ఫిన్లాండ్ దేశపు భాష ఫిన్నిష్‌లో ఆ చిక్కు లేదు. ‘అతను’, ‘ఆమె’ అనే రెండింటికీ కలిపి ‘హ్యాన్’ అని ఒకే మాట ఉంది, క్రియలో కూడా ఆడ మగ తేడా ఉండదు. మాటల్లోనైతే మనిషిని కూడా ‘సె’ అంటారు, అంటే మన ‘అది’. అందులో చిన్నచూపు లేదు. మావాడు పగటిపూట పిల్లలను చూసుకునే బడిలో తనతో ఉండే నేస్తం గురించి నెలల తరబడి చెబుతూ వచ్చినా ఆ నేస్తం పిల్లవాడో ఆడపిల్లో పుట్టినరోజు పిలుపు వచ్చేదాకా నాకు తెలియలేదు. వాడు ఫోనులో ‘తాతయ్య ఏం చేస్తోంది’ అని అడిగినప్పుడు మీరు నవ్వి, తెలుగు సరిగ్గా నేర్పడం లేదని నన్ను మందలించారు గుర్తుందా? వాడికి తెలుగు రాక కాదు నాన్నగారూ, మనుషులందరినీ ఒకే క్రియలో ఇమిడ్చే భాష వాడి చెవిలో పగలంతా మోగుతూ ఉంటుంది.

అంతమాత్రాన ఇక్కడి భాష అన్నింటినీ తీర్చేసిందని అనుకోకండి. ఇక్కడి పార్లమెంటు సభాపతిని ‘పుహెమియెస్’ అంటారు, అంటే మాట్లాడే మగవాడు. ఆ స్థానంలో స్త్రీ కూర్చుంటే ‘శ్రీమతి మాట్లాడే మగవాడు గారూ’ అన్నట్టుగా పిలుస్తారు. 2007లో ప్రతిభా పాటిల్ గారి సమయంలో ‘రాష్ట్రపతి’లోని ‘పతి’ గురించి జరిగిన చర్చే నాకు జ్ఞాపకం వచ్చింది. పైగా ఇక్కడ ప్రతి మనిషికీ ఇచ్చే గుర్తింపు సంఖ్యలో చివరి భాగంలో మూడు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, అది మగవారికి బేసి, ఆడవారికి సరి. సర్వనామంలో లేని తేడా సంఖ్యలో దూరి కూర్చుంది.

‘లింగం’ అనే మాటతో ఇబ్బంది ఏమిటని మీరు అడిగారు కదా. ఆ ఇబ్బంది నాకు పోయిన నెలలో ఎదురుగా కనబడింది. కొడుకు దగ్గరికి వచ్చిన మన ప్రాంతపు పెద్దావిడ ఒకరికి మాటసాయం కోసం ఆస్పత్రికి వెళ్లాను. దరఖాస్తులో ‘సుకుపువొలి’ అనే గడి దగ్గర నేను తొందరపడి ‘లింగం’ అన్నాను. ఆవిడ తల వంచుకుని కొంగు భుజం మీదికి లాక్కున్నారు, పక్కనే కొడుకు నిలబడి ఉన్నాడు. నేను చేసిన తప్పు అప్పటికి గాని తెలియలేదు. ఆడా మగా అని అడుగుతున్నారండీ అని మార్చి చెబితే, ‘ఆడమనిషి అని రాయి తల్లీ’ అన్నారు. నిఘంటువు నుంచి నేను తీసిన మాట ఆవిడను సిగ్గుపడేలా చేస్తే, ఆవిడ నోటి నుంచి వచ్చిన మాటలో ‘మనిషి’ అనే పదం కూడా ఉంది. ఇంటికి వచ్చే దారంతా దాని గురించే ఆలోచించాను.

లింగమంటే గుర్తు అని మీరే చెప్పారు. తర్కంలో నిప్పుకు పొగ లింగమని, పొగను చూసి నిప్పును ఊహిస్తామని వీధి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఒక్క మాట చేతనే ఈరోజు మనం వ్యాకరణం, శరీరం, సమాజం అనే మూడు బరువులు మోయిస్తున్నాం. పత్రికల్లో లింగ వివక్ష అంటారు, ఆస్పత్రి గోడల మీద లింగ నిర్ధారణ పరీక్షలు నేరమని రాస్తారు, ‘లైంగిక’ అనగానే మాట ఇంకెటో పోతుంది. ఇంగ్లీషువారు శరీరానికి సెక్స్, సమాజం ఇచ్చే స్థానానికి జెండర్ అని రెండుగా విడదీసుకున్నారు. అయితే ఆ జెండర్ కూడా అంతకుముందు ప్రధానంగా వ్యాకరణ పదమే, రకం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చినదే. 1955లో జాన్ మనీ అనే పరిశోధకుడు మనిషి నడవడికకు ఆ మాటను వాడిన తరువాత గాని దానికి ఈ అర్థం స్థిరపడలేదు. ఇక్కడి రెండో అధికార భాష స్వీడిష్‌లోనూ వ్యాకరణంలోని ‘యేనుస్’ను తీసుకువచ్చి ఇదే పనికి పెట్టుకున్నారు. అంటే లోకమంతా అప్పు కోసం వచ్చింది మీ వ్యాకరణం ఇంటికే.

ఫిన్నిష్ వారు రెండు మాటలు చేసుకోలేదు. వాళ్లకు రెండింటికీ ‘సుకుపువొలి’ ఒక్కటే, తేడా చెప్పవలసి వస్తే ముందు శారీరక అనో సామాజిక అనో విశేషణం చేరుస్తారు. ఆ మాటను విడదీస్తే ‘సుకు’ అంటే వంశం, ‘పువొలి’ అంటే సగం. నాకు వెంటనే తమిళం గుర్తొచ్చింది. తమిళ వ్యాకరణంలో లింగాన్ని ‘పాల్’ అంటారు, అంటే భాగం. మన సగపాలులో ఉన్నది, పాలివాళ్లలో ఉన్నది ఆ పాలే కదా. మనం సంస్కృతం నుంచి గుర్తును తెచ్చుకున్నాం, వాళ్లు తమ ఇంటి మాటతో వాటా అన్నారు. నాకు వాటా అనే ఊహే నచ్చింది. గుర్తు ఎదుటివాళ్లు చూసి నిర్ణయించేది. వాటా పుట్టుకతోనే ఇంట్లో ఉంటుంది, ఆ బిడ్డకు మన ఇంట్లో ఉన్నట్టు.

ఇక క్రియ సంగతి. చిన్నయసూరి వ్యాకరణం ప్రకారం ఏకవచనంలో పురుషుడు మహత్తు, అంటే గొప్ప తరగతి, స్త్రీ మాత్రం పశువులతో, వస్తువులతో పాటు అమహత్తు. అన్నయ్య అయితే ‘వచ్చాడు’, నేనైనా ఆవైనా ఒకే క్రియ, ‘వచ్చింది’. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు మహత్తులతో కలిసి ‘వచ్చారు’ అవుతారు. ఎనిమిదో తరగతిలో మీరు ఈ పాఠం చెప్పిన రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినకుండా అలిగాను. కన్నడంలో ‘బందళు’ అని స్త్రీకి వేరే క్రియ ఉన్నప్పుడు, తమిళంలోనూ ఉన్నప్పుడు, మలయాళంలో అందరికీ ఒకటే ఉన్నప్పుడు, మనకు మాత్రం ఇలా ఎందుకని మిమ్మల్ని అడిగాను. అప్పుడు మీరు భార్య అనే అర్థంలో సంస్కృతంలో భార్యా శబ్దం స్త్రీలింగమని, దార శబ్దం పుంలింగమని, కళత్రం నపుంసక లింగమని చెప్పి, శబ్దానికి ఉన్న లింగం వేరు, మనిషి వేరు అని సముదాయించారు. ఆ మాటనే ఇప్పుడు మీకు తిరిగి చెబుతున్నందుకు క్షమించండి.

పోయిన ఆదివారం నేను ఆ బిడ్డతో గంటసేపు మాట్లాడాను. మాటల మధ్యలో ‘మీ నాన్నమ్మ నీ గురించి అడిగింది, హాస్టల్లో సరిగ్గా తింటోందా అని’ అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత ‘తింటోందా అని అడిగిందా అత్తా, నిజంగా ఆ మాటే అన్నదా’ అని మళ్లీ మళ్లీ అడిగింది. నేను అలిగి అన్నం మానేసిన క్రియ కోసం ఆ పిల్ల ఇరవై రెండేళ్లు ఎదురు చూసింది నాన్నగారూ. అమ్మ తెలిసి అన్నదో, నోరు జారి అన్నదో నాకు తెలియదు, నేను అడగలేదు. మీరూ అడగవద్దు.

విదేశంలో ఉండి ఇవన్నీ తేలిగ్గా చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. ఇక్కడ కూడా ఈ మధ్యదాకా కష్టంగానే ఉండేది. సంతానం కలగదనే నిరూపణ చూపితే తప్ప కాగితాల్లో సుకుపువొలి మార్చేవారు కాదు, 2023 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చిన తరువాతనే పెద్దవాళ్లకు తమ దరఖాస్తు చాలుతోంది. మన సుప్రీంకోర్టు అంతకు చాలా ముందే, 2014లోనే, తనను తాను ఏమనుకుంటాడో చెప్పుకునే హక్కు మనిషిదేనని తీర్పు ఇచ్చింది. హైదరాబాదులో మాత్రం ఈ మనుషుల పేర్లు జాబితా రాయించి, ఆడవేషంలో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకొమ్మనే నిజాం కాలపు చట్టం వందేళ్లకు పైగా పుస్తకాల్లో ఉండి, 2023 జూలైలో హైకోర్టు కొట్టివేసేదాకా బతికింది. మన బిడ్డ చదువుకుంటున్నది ఆ ఊళ్లోనే.

మాటలు లేకపోవడం కూడా ఒక కష్టమే. తమిళులు మన బిడ్డ లాంటివారికి తిరునంగై అని, ఆడపిల్లగా పెరిగి మగవాడినని చెప్పేవారికి తిరునంబి అని గౌరవమైన మాటలు కల్పించుకున్నారు, 2022లో వాళ్ల ప్రభుత్వం ఇటువంటి పదాల పట్టికనే గెజెట్‌లో ప్రకటించింది. మనకు ఉన్నవి చూడండి: నపుంసకుడు అంటే పురుషుడు కానివాడు, ఉన్నదేమిటో చెప్పని మాట. తక్కినవి వీధిలో తిట్లు, మీకు రాయలేను. ఇంగ్లీషు నుంచి ట్రాన్స్‌జెండర్‌ను తెచ్చుకుని పత్రికలు పని గడుపుతున్నాయి. మీ వంటి పండితులు పూనుకుంటే మంచి మాట దొరకదా అని నా ఆశ. వానలు పడని ఏడు మీరు విరాటపర్వం చదివినప్పుడు, బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే చోట మీ గొంతులో గౌరవమే గాని వెటకారం నేను ఏనాడూ వినలేదు.

మీకు ఇంకొక సంగతి చెప్పాలి. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు మన భాషలో ఈ తేడా దాదాపు లేనే లేదు. ఎప్పుడొచ్చావు, తిన్నావా, ఎన్నాళ్లుంటావు అనే మాటల్లో ఆడా మగా ఎక్కడ ఉన్నాయి? మనిషి లేనప్పుడు మాట్లాడుకుంటేనే వచ్చాడా వచ్చిందా అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా నోరు తడబడితే ‘తను’ ఉంది, ‘తనకు చెప్పు’, ‘తనను రమ్మను’ అనవచ్చు. తడబాటు వచ్చేది పాత రోజులు తలుచుకున్నప్పుడే. చిన్నప్పుడు నా వెంట కాలవ గట్టుకు వచ్చేవాడివి అనాలా, వచ్చేదానివి అనాలా? అక్కడ నేనూ ఆగిపోతున్నాను. ఆ రోజు ఫోనులో కూడా ఒకసారి ‘వాడివి’ అనే వచ్చింది, సరిదిద్దుకున్నాను, తను ఏమీ అనుకోలేదు. మీరు నన్ను పుట్టినప్పటి నుంచి ‘ఏరా కన్నా’ అనే పిలిచారు, నేను ఆడపిల్లనని ఆ పిలుపు ఏనాడూ మారలేదు. నేను మేనల్లుడు అనే చోట ఇక మేనకోడలు అంటాను, మీరు మనవడు అనే చోట మనవరాలు అనవలసి ఉంటుంది. తను మాత్రం నన్ను అత్తా అనే పిలుస్తోంది, మిమ్మల్ని తాతయ్యా అనే పిలుస్తుంది.

అన్నయ్యను తొందరపెట్టకండి. వాడు మాట్లాడకపోవడం కోపం కాదు, భయం. వదిన నాకు ఫోను చేసి ఏడ్చింది, ఆ సంగతి వాడికి తెలియనివ్వకండి.

సంక్రాంతికి తను మన ఊరు వస్తానంటోంది. పెట్టుకున్న కొత్త పేరు మీకు ఇంకా ఎవరూ చెప్పి ఉండరు, మీ అమ్మగారి పేరే. వినగానే నాకు నోట మాట రాలేదు. అమ్మకు ఫోనులో చెబితే చాలాసేపు ఊరుకుని, అత్తగారి పేరు పెట్టి ఎలా పిలుస్తానే, నేను బుల్లెమ్మా అనే పిలుస్తాను అన్నది. పెరట్లో నాయనమ్మ గది కిటికీ తలుపు వానకు ఉబ్బి పడటం లేదన్నారు కదా, సంక్రాంతిలోపు వడ్రంగిని పిలిచి చేయించండి, తను ఆ గదిలోనే పడుకుంటానన్నది. డబ్బు ఈ నెలాఖరుకు పంపుతాను. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి