వడగాలుల హెచ్చరికలో ఆ ఒక్క వాక్యం ఎందుకు లేదు?

సంపాదకులు గారికి,

వాతావరణ మార్పు మనసుపై చూపే ప్రభావం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఎక్కువ భాగం యువత భయాల గురించే. ఆ భయాలు నిజమైనవే. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం కోసం 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10 వేల మందిని అడిగితే, 59 శాతం మంది తీవ్రంగా ఆందోళన పడుతున్నామని చెప్పారు. రేపటి గురించి దిగులు పడేవారిని పట్టించుకోవలసిందే. కానీ ఇవాళ్టి ఎండకే ప్రాణం మీదికి వచ్చేవారు కొందరున్నారు. మానసిక జబ్బుతో ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారు. వ్యాసంలో వారి ఊసే లేదు.

మా అన్నయ్యకు బైపోలార్ వ్యాధి, అంటే మనసు కొన్నాళ్లు పట్టరాని ఉత్సాహంలోకి, కొన్నాళ్లు తీవ్రమైన దిగులులోకి ఊగిసలాడే జబ్బు. పన్నెండేళ్లుగా లిథియం మాత్రలు వేసుకుంటున్నాడు. అవి ఉన్నాయి కాబట్టే ఉద్యోగం చేసుకుంటూ నలుగురిలో ఒకడిగా తిరుగుతున్నాడు. కిందటి వేసవిలో వరుసగా అయిదారు రోజులు ఎండలు మండిపోయినప్పుడు చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోయేవి. మాట ముద్దగా వచ్చేది, అడుగు తూలేది. తాగి వచ్చాడేమోనని ఆఫీసులో అనుకున్నారట. నేను ఇంకో రకంగా పొరబడ్డాను. జబ్బు తిరగబెట్టింది, మాత్రలు ఎగ్గొడుతున్నాడని అనుమానించి, పక్కన కూర్చుని మరీ వేయించాను. తీరా రక్తపరీక్ష చేస్తే ఒంట్లో లిథియం విషస్థాయికి చేరిందని తేలింది.

లిథియం విషయంలో మందుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. లీటరు రక్తానికి సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ ఉంటే అది పనిచేసే మందు. 1.5 దాటితే ప్రమాదమే. చెమటతో నీరూ ఉప్పూ పోయినప్పుడు, మిగిలిన ఉప్పును కాపాడుకోవడానికి మూత్రపిండాలు దాన్ని వెనక్కి లాక్కుంటాయి. దాంతోపాటే లిథియం కూడా వెనక్కి వస్తుంది. రోజూ వేసుకునే మాత్రే, రోజూ వేసుకునే మోతాదులోనే, ఇలా ఒంట్లో పేరుకుపోతుంది. ఎండకు తల పగిలిపోతోందని ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. అన్నయ్య అదీ చేశాడు!

లిథియం ఒక్కటే అయితే సరే. లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పీడించడం లాంటివి ఉండే స్కిజోఫ్రీనియా జబ్బుకు వాడే కొన్ని మందులు, శరీరంలోని వేడిని మెదడు అదుపు చేసే పనికే అడ్డుపడతాయి. ఆ మందుల వల్ల కలిగే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటనే తగ్గిస్తుంది. చెమట పట్టని ఒళ్లు చల్లబడేదెలా? పైగా జబ్బు ముదిరినవారికి ఒంటిమీది మందపాటి బట్టలు తీసేయాలని ఒక్కోసారి తోచదు. చాలామందికి వచ్చి తలుపు తట్టే మనిషీ ఉండడు.

2021 జూన్ చివరి వారంలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇదే జరిగింది. లిటన్ అనే ఊళ్లో ఏకంగా 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ రాష్ట్రంలో 619 మంది వేడికి చనిపోయారని మరణ విచారణ అధికారులు తేల్చారు. దాదాపు అందరూ ఇళ్లలోనే పోయారు. సగం మందికి పైగా ఒంటరిగా బతుకుతున్నవారు. తరువాత పరిశోధకులు వైద్య రికార్డులు పరిశీలిస్తే, దీర్ఘవ్యాధులన్నిటిలోకీ స్కిజోఫ్రీనియా ఉన్నవారికే ముప్పు ఎక్కువని, అది దాదాపు మూడు రెట్లని బయటపడింది. గుండెజబ్బు, మధుమేహం కూడా దాని తరువాతే.

లిథియం మానసిక వైద్యంలోకి వచ్చింది 1949లో. దానికి ఎండ పడదని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అప్పట్లో ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే వడగాలులు ఇప్పుడు తరచూ వస్తున్నాయి, వస్తే రోజుల తరబడి వదలడం లేదు. కనుక పాత జాగ్రత్తను మళ్లీ గట్టిగా చెప్పాలి. చెప్పవలసినవారు మాత్రం నిద్రపోతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 95 దేశాలను అడిగితే, ఆరోగ్యం, వాతావరణ మార్పులపై వేసుకున్న ప్రణాళికల్లో మానసిక ఆరోగ్యానికి చోటిచ్చినవి 9 మాత్రమే.

ఇలాంటివి చెబితే జనం హడలిపోయి మాత్రలు మానేస్తారని ఒక వైద్యుడు నాతో అన్నారు. ఆ భయంలో కొంత నిజముంది. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అయితే ఎండలో జాగ్రత్త అన్న సంగతి మందు పెట్టెలోని కాగితంపై చీమ తలకాయంత అక్షరాల్లో ఇప్పటికే ఉంది. అక్కడ ఉండగా లేని ప్రమాదం పెద్ద అక్షరాల్లో వేస్తే వస్తుందా?

వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, ఎండలో పనిచేసేవారు జాగ్రత్తగా ఉండాలని ప్రతి హెచ్చరికలోనూ వేస్తారు. దాని కిందే ఇంకొక్క వాక్యం కావాలి: ‘మానసిక జబ్బులకు మందులు వాడేవారు వేసవికి ముందే వైద్యుణ్ణి కలవండి, సొంతంగా మాత్రలు మానకండి, వణుకు గానీ తూలడం గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.’ ప్రభుత్వాల ప్రణాళికలు మారడానికి ఎన్నేళ్లు పడుతుందో. మీ పత్రిక వచ్చే వేసవిలో మొదటి హెచ్చరిక అచ్చువేసే రోజునే దీన్ని కూడా వేయగలరా?

ఇట్లు,
మీ పాఠకురాలు