రైట్‌కి పాఠం చెప్పిన మాస్టారు

అమ్మలూ,

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు ఇయాన్ రైట్ లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి 185 గోల్స్ కొట్టాడని నా నోట చాలాసార్లు విన్నావు. 1997 సెప్టెంబరులో బోల్టన్ మీద హ్యాట్రిక్ కొట్టి, పాతతరం ఆర్సెనల్ ఆటగాడు క్లిఫ్ బాస్టిన్ పేరు మీదున్న 178 గోల్స్ క్లబ్ రికార్డు దాటేశాడు. 2005లో అదే క్లబ్ ఆటగాడు థియరీ ఆన్రీ దాటేదాకా ఆ రికార్డు రైట్‌దే. ఇప్పుడు నువ్వూ టీచరువయ్యావు కాబట్టి, ఆ గోల్స్ వెనకున్న మాస్టారి సంగతి చెప్పాలనిపించింది.

రైట్ పెరిగింది లండన్‌లోని బ్రాక్లీలో. ఇంట్లో సవతి తండ్రి. శనివారం రాత్రి బీబీసీలో ఫుట్‌బాల్ ప్రోగ్రామ్ మొదలవగానే పిల్లల్ని గోడవైపు తిరగమనేవాడు. తెర కనపడదు, స్టేడియం హోరు మాత్రం చెవుల్లో పడుతూ ఉంటుంది. ఆటంటే ప్రాణం పెట్టే పిల్లాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పు? ఇంటి కోపమంతా రైట్ బళ్లో చూపించేవాడు. క్లాసు బయట నిలబెట్టేవాళ్లు.

అలా నిలబడ్డవాణ్ని సిడ్నీ పిగ్డెన్ మాస్టారు చూశారు. దగ్గరకు తీసి చదవడం, రాయడం నేర్పారు. క్లాసుల నుంచి రిజిస్టర్లు తెచ్చే పని అప్పగించారు. ఆటలో కూడా అంతే. గోల్ కనపడగానే బలంకొద్దీ బాదెయ్యకు, పేరుమోసిన గోల్స్ వీరుడు జిమ్మీ గ్రీవ్స్‌లా బంతిని లోపలికి పాస్ చెయ్యి అని చెప్పారు. రైట్ గోల్స్ చూస్తే నీకే తెలుస్తుంది. కీపర్ మీదికొస్తుంటాడు. ఇతను కంగారుపడడు. బంతి కింద కాలు పెట్టి అతని తల మీదుగా మెల్లగా లేపేస్తాడు.

ఆ తర్వాత కూడా కష్టాలే. సౌత్‌ఎండ్, బ్రైటన్ క్లబ్బులు ట్రయల్స్‌లో చూసి వద్దన్నాయి. కూలిపని చేశాడు, ఫైన్లు కట్టక కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. 1985లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్ తీసుకునేసరికి 22 నిండబోతున్నాయి. 1990లో ప్యాలెస్ ఇంగ్లండ్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి చేరింది. అప్పటికి రైట్ కాలు విరిగి అప్పుడప్పుడే కోలుకుంటున్నాడు. వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్ 2-1తో ముందుంది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కాసేపటికే స్కోరు సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో మరొకటి కొట్టాడు. మ్యాచ్ 3-3తో ముగిసింది, మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో ప్యాలెస్ ఓడింది. అయినా ఆ ఫైనల్ అనగానే నాకు గుర్తొచ్చేది రైటే. మరుసటి ఏడాది 25 లక్షల పౌండ్లిచ్చి ఆర్సెనల్ తీసుకుంది.

పిగ్డెన్ మాస్టారు చనిపోయారనుకున్నాడు రైట్. పెద్దవాడయ్యాక, ఆర్సెనల్ పాత మైదానం హైబరీ స్టేడియంలో ఒక టీవీ ప్రోగ్రామ్ కోసం నిలబడి ఉంటే వెనక నుంచి మాస్టారు పలకరించారు. తిరిగి చూసి మాట పడిపోయింది. చప్పున టోపీ తీసేశాడు. ఇంగ్లండ్‌కి 33 మ్యాచ్‌లు ఆడిన మనిషి బడిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

మొన్న ఫోన్‌లో చెప్పావే, వెనక బెంచీ కుర్రాడు రోజూ గొడవ చేస్తున్నాడని, వాణ్ని చూస్తేనే టెన్షన్‌గా ఉంటోందని. బయటికి పంపకు తల్లీ. రేపటి నుంచి అటెండెన్స్ రిజిస్టర్ ఆఫీసులో ఇచ్చి రావడం వాడి పని చెయ్యి. ఒక నెల చూడు. ఏమైందో నాకు రాయి.

మీ నాన్న